గ్రౌండ్ మీద సార్, కోర్టులో వకీల్ సాబ్: రెండూ నిలిచేదెట్లా?

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. హనుమకొండ కోర్టులో పన్నెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా సివిల్ కేసులు, అక్కడక్కడ చెక్ బౌన్సులు. ఆరేళ్ల కింద మా కాలనీ పక్కన సర్కారు బడి గ్రౌండ్‌లో పిల్లలకు ఖోఖో నేర్పడం మొదలుపెట్టాను. పదకొండు మందితో మొదలైంది, ఇప్పుడు నలభై మంది దాకా వస్తున్నారు. వారానికి నాలుగు సాయంత్రాలు, ఆదివారం పొద్దున ఆడిస్తాను. ఈ మధ్య ఒక గురువారం జిల్లా ఎంపికలకు పిల్లలను స్టేడియానికి నేనే తీసుకెళ్లాను. అదే రోజు హసన్‌పర్తి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన భూమి దావాలో ఆయన క్రాస్, అంటే ఎదుటి వకీలు ఆయనను ప్రశ్నించడం, ఉంది. రెండెకరాల పది గుంటల్లోకి ఎదుటివాళ్లు రాకుండా ఆపమనే ఇంజంక్షన్ దావా. 'మీరు రాకండి బాపూ, వాయిదా తీసుకుంటా' అని ఆయనకు చెప్పి, జూనియర్‌కు అప్పజెప్పాను. కేసు పిలిచినప్పుడు జూనియర్ వేరే కోర్టు హాల్లో ఉన్నాడు. ఒకసారి పాసోవర్ అయింది, అంటే తర్వాత పిలుస్తామని పక్కన పెట్టారు. భోజనం తర్వాత మళ్లీ పిలిచి, మా తరఫున ఎవరూ లేరని డిఫాల్టు కింద డిస్మిస్ చేశారు. పెద్దాయనకు ఇంకా చెప్పలేదు. మా ఆవిడ 'ప్రాక్టీసో, పిల్లలో తేల్చుకోండి' అంటోంది. మా పాపకు తొమ్మిదేళ్లు, తనూ ఆడుతుంది. గ్రౌండ్‌లో అందరితోపాటు తనూ నన్ను సార్ అనే పిలుస్తుంది. ఇంకో సంగతి. ఆడే పిల్లల్లో ఒకరి తల్లి మనోవర్తి కేసు వేయమని అడుగుతోంది. ఆ పిల్లవాడి తండ్రి కూడా ఆదివారాలు గ్రౌండ్‌కు వస్తాడు. దిక్కులేని, ఆపదలో ఉన్న పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ సమితిలో సభ్యుడిగా దరఖాస్తు పెట్టమని మిత్రులు అంటున్నారు. అసలు నేను ఏది వదలాలి?
– ఒక న్యాయవాది, హనుమకొండ

జవాబు: అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను, తమ్ముడూ. నేనూ ఆ కోర్టు వరండాల్లోనే ముప్పై ఏళ్లు తిరిగినదాన్ని. ఏది వదలాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పెద్దాయన దావా.

ఉత్తరంలో నువ్వు రాసిన తారీఖును బట్టి లెక్కేస్తే ఇంకా పన్నెండు రోజులున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద, కొట్టేసిన దావాను మళ్లీ తెరిపించే పునరుద్ధరణ పిటిషన్‌కు డిస్మిస్ అయిన రోజు నుంచి 30 రోజులే గడువని నీకు నేను చెప్పక్కర్లేదు. అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, దానికి ఎదుటివాళ్ల కౌంటరు, దాని మీద వాదనలు, ఒక ఏడాది అందులోనే పోతుంది. పైగా దావా పోయిన రోజే తాత్కాలిక ఇంజంక్షన్ కూడా పోయింది. ఎదుటివాడు రేపు ట్రాక్టరు తెచ్చి గెట్టు దున్నితే ఆపడానికి ఆ పెద్దాయన చేతిలో కాగితం ముక్క లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నా కేసు నడుస్తోందిలే అనుకుని నిద్రపోతున్నాడు. నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టనిది అందుకే.

ఆయనకు ఫోన్ చేసి చెప్పకు, ఊరికి వెళ్లి చెప్పు. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, 'బాపూ, తప్పు నాది. నేను రాలేదు, దావా కొట్టేశారు, మళ్లీ తెరిపిస్తాను, దీనికి మీ దగ్గర రూపాయి తీసుకోను' అని చెప్పు. తిడతాడు, పడు. ఫైలు వేరే వకీలుకు ఇస్తానంటే నిరభ్యంతరం రాసి ఇచ్చేయి. ఫీజు బాకీ ఉందని ఒక్క రోజు కూడా ఆపకు.

అఫిడవిట్‌లో ఏం రాస్తావన్నది నాకు ఇంకా ముఖ్యం. మన దగ్గర ఒక అలవాటుంది. వకీలు రాకపోతే 'తీవ్ర జ్వరం వల్ల' అని రాస్తారు, కక్షిదారు రాకపోతే 'విరేచనాల వల్ల' అని రాస్తారు. అది చదివే జడ్జికీ తెలుసు, రాసే గుమస్తాకూ తెలుసు. నువ్వు అట్లా రాయకు. అఫిడవిట్ నీ పేరు మీదే వెయ్యి. పిల్లలను ఎంపికలకు తీసుకెళ్లానని, కక్షిదారును రావద్దన్నది నేనేనని, జూనియర్ ఇంకో హాల్లో ఉండిపోయాడని ఉన్నదున్నట్టు రాయి. వకీలు చేసిన తప్పుకు ఏ పాపమూ తెలియని కక్షిదారు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో చెప్పింది. ఖర్చులు వేస్తే నీ జేబులోంచి కట్టు. నీ అఫిడవిట్ మీద బార్ రూములో రెండు రోజులు గుసగుసలుంటాయి, పోతాయి. జ్వరమని రాసి, ఆ రోజు నువ్వు స్టేడియంలో పిల్లలతో దిగిన ఫొటోను ఎదుటి వకీలు కోర్టులో పెడితే మాత్రం అది జీవితాంతం నిన్ను వదలదు. ఈ రోజుల్లో ఆ ఫొటో పది ఫోన్లలో ఉంటుంది.

ఇక నీ అసలు ప్రశ్న. ప్రాక్టీసా, పిల్లలా అని అడిగావు. ఆ గురువారం నువ్వు స్టేడియంలో ఎందుకున్నావన్నది నా ప్రశ్న. స్కూల్ గేమ్స్ ఎంపికలు పనిదినాల్లోనే జరుగుతాయి, అది మారదు. బడి పిల్లలను అక్కడికి తీసుకెళ్లడం పీఈటీ సారు పని, ఆయనకు ఆ రోజు ఆన్ డ్యూటీ ఉంటుంది. ఆయన లేకపోతే హెడ్‌మాస్టరు ఇంకో టీచరును పంపుతారు. పిల్లలు గెలిచేటప్పుడు పక్కన ఉండాలని నీకు అనిపించింది. ఆరేళ్లు కష్టపడ్డవాడికి అనిపించదా? కానీ ఆ రోజు నిన్ను వదిలితే దిక్కులేనిది పెద్దాయనకే.

నా సంగతి ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కింద మా వీధిలో ఒక చిన్న గది తీసుకుని ఆదివారం సాయంత్రాలు పిల్లలకు కథల పుస్తకాలు చదివించేదాన్ని. తాళం నా దగ్గరే ఉండేది. ఒక ఏడాది పెద్ద సెషన్స్ కేసు తగిలింది. ఆదివారాలు కూడా ఆఫీసులోనే గడిచేవి. 'ఈ వారం లేదు' అని పిల్లలకు చెప్పి పంపడానికి కూడా తీరిక దొరకలేదు. ఒక ఆదివారం వాన. ఏడు గంటలప్పుడు ఆ వీధిలోంచి ఇంటికి వస్తుంటే గది మెట్ల మీద ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. అయిదో తరగతి. తీసుకున్న పుస్తకాన్ని పాల ప్యాకెట్ కవర్లు రెండు కలిపి చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. 'నాలుగింటికి రమ్మన్నరు కదా మేడమ్, పుస్తకం ఇచ్చి ఇంకోటి తీస్కపోదామని' అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. పుస్తకం తడవలేదు, వాడు మొత్తం తడిసిపోయాడు.

ఆ రోజు తెలిసింది నాకు, వాయిదా అన్నది కోర్టులోనే కాదు, ఆ మెట్ల మీదా ఉందని. కక్షిదారు వాయిదాకు వచ్చి వరండాలో ఎదురుచూసినట్టే ఆ పిల్లవాడు మూడు గంటలు ఎదురుచూశాడు. పైగా కక్షిదారు ఇంకో వకీలును పెట్టుకోగలడు, వాడు పెట్టుకోలేడు. మర్నాడే రెండో తాళం చెవి చేయించి, పక్కింటి రిటైర్డ్ తెలుగు టీచరు గారికి ఇచ్చాను. ఆయన నాకంటే బాగా నడిపారు. నాలుగేళ్ల తర్వాత నేను వెళ్లని వారాలే ఎక్కువ, గది మాత్రం ఒక్క వారం మూతపడలేదు.

నీ తిప్పలకూ మందు అదే. నీ గ్రౌండ్‌కు రెండో తాళం చెవి లేదు. నలభై మంది పిల్లలు, ఒక్క సారు. ఆ సారుకు జ్వరమొస్తే ఆట లేదు, కేసుంటే ఆట లేదు, లేదంటే కేసు లేదు.

మన ఊళ్లోనే చూడు. రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పెట్టిన గ్రంథాలయం. అప్పుడు దాన్ని తలకెత్తుకున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ నూటఇరవై ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో హనుమకొండలో ఉద్యోగం చేసిన మాడపాటి హనుమంతరావు గారు తర్వాత హైదరాబాద్‌లో వకీలు అయ్యారు. 1928లో నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టించినవాళ్లలో ముందున్నది ఆయనే. ఆ బడి ఆయన పోయాక కూడా నడిచింది. మన వృత్తిలో ఉంటూ పిల్లల పని చేసినవాళ్లు నీకంటే ముందు చాలామంది ఉన్నారు తమ్ముడూ. వాళ్లకూ రోజుకు ఇరవై నాలుగు గంటలే.

కాబట్టి నాలుగు సాయంత్రాల్లో మూడు వదిలెయ్యి. చదవగానే గుండె కలుక్కుమంటుందని తెలుసు, అయినా వదిలెయ్యి. కోర్టు అయిదింటికి వదిలితే నువ్వు నల్లకోటు విప్పి గ్రౌండ్‌కు ఉరికి, ఆరున్నరకు చెమటతో ఆఫీసుకు వస్తే అప్పటికే నలుగురు క్లయింట్లు బెంచీ మీద కూర్చుని ఉంటారు. రేపటి క్రాస్‌కు ఫైలు చదివేది రాత్రి పదకొండింటికి. అప్పుడు చదివిన ఫైలు మీద క్రాస్ ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. ఆదివారం పొద్దున నీది, అది ఎవరికీ ఇవ్వకు. వారం మధ్యలో ఒక్క సాయంత్రం, కోర్టులో నీ కేసులు తక్కువగా ఉండే రోజు చూసుకుని పెట్టుకో. మిగతా మూడు సాయంత్రాలు పీఈటీ సారుతో, ఇద్దరు తల్లిదండ్రులతో, పదో తరగతి దాటిన నీ పాత పిల్లలతో నడవాలి. ఆరేళ్లు ఆడినవాళ్లకు సున్నంతో గీతలు గీయడం, స్తంభాలు పాతడం, చిన్నపిల్లలకు 'ఖో' ఎప్పుడు ఇవ్వాలో చెప్పడం రాదా? ఎనిమిది మంది కూర్చుని ఒకరు తరిమే ఆట అది. తరుముతున్నవాడికి ఆయాసం రాకముందే వీపు మీద తట్టి ఇంకొకరిని లేపాలని పిల్లలకు నేర్పింది నువ్వే.

ఇంకో మాట. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు. బడి పిల్లలకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. నీ పని ఎక్కువ సివిలే అన్నావు. ఏడాదంతా అరకొరగా ఇచ్చే టైము అక్కడ పూర్తిగా ఇవ్వు. ఓరుగల్లు ఎండలు తెలిసినవే, పొద్దున అయిదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా పిల్లలను నీడకు పంపాలి. ఆ తర్వాత రోజంతా నీదే. దసరా, సంక్రాంతి సెలవులూ అంతే. హైకోర్టు సెలవుల పట్టిక రాగానే కొత్త డైరీలో ముందు ఆ రోజులు గుర్తు పెట్టుకో. సాక్ష్యం దశలో ఉన్న కేసుల వాయిదాలను ఎర్ర సిరాతో రాసుకో, వాటిని జూనియర్‌కు అప్పజెప్పకు. కేసు పిలిచినప్పుడు నిలబడి వాయిదా రాసుకునే మామూలు కాల్ వర్క్‌కు జూనియర్ చాలు, అదీ ఏ హాల్లో ముందు నిలబడాలో కాగితం మీద రాసిచ్చి. పడుకునే ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మర్నాటి కాజ్ లిస్టు, అంటే ఆ రోజు పిలిచే కేసుల జాబితా, ఒకసారి చూసుకో.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. నీ ఉత్తరంలో నువ్వు రెండు వాక్యాల్లో దాటేసినా, నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. ఆ కేసు తీసుకోకు. ఆమెకు న్యాయం అక్కర్లేదని కాదు. ఆ పిల్లవాడికి నీ గ్రౌండ్ ఒక్కటే మిగిలి ఉండవచ్చు. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడుకోరు. ఆదివారం పొద్దున మాత్రం అమ్మ ఒక మూల, నాన్న ఒక మూల నిలబడి తను పరిగెత్తడం చూస్తారు. ఆ వారం మొత్తంలో ఇద్దరూ ఒకే దిక్కు చూసే సమయం అదేనేమో. రేపు నువ్వు అమ్మ తరఫు వకాలత్ వేసి నాన్నకు నోటీసు పంపితే ఆయన గ్రౌండ్‌కు రావడం మానేస్తాడు, లేదా కొడుకును మాన్పిస్తాడు. వాడి దృష్టిలో సారు నాన్న మీద కేసు వేసినవాడు అవుతాడు. బోనులో ఆ తండ్రిని క్రాస్ చేసి, మళ్లీ ఆదివారం వాడి వీపు తట్టి 'శభాష్' అనగలవా?

ఆమెను కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపు. 1987 న్యాయసేవాధికార చట్టం సెక్షన్ 12 కింద ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. చాలామంది ఆడవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెల్లకార్డు ఉంటేనే ఇస్తారనుకుంటారు. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చూపించు, అంతవరకే. 'నేను ఎందుకు తీసుకోవట్లేదో తెలుసా అమ్మా, నీ కొడుకు కోసం' అని చెప్పు. ఆమె అర్థం చేసుకుంటుంది.

దీన్ని ఆ ఒక్క తల్లితో ఆపకు. గ్రౌండ్ మీద వకీలు పని వద్దు. సలహా కావాలన్నవాళ్లను ఆఫీసుకు రమ్మను. టోర్నమెంటు ఫ్లెక్సీల మీద నల్లకోటు ఫొటో, పేరు పక్కన అడ్వకేట్ అని వేయించే అలవాటు ఉంటే మానెయ్యి. బార్ కౌన్సిల్ రూల్ 36 ఒప్పుకోదు. రూలు సంగతి అట్లా ఉంచినా, పిల్లల ఆట మన గిరాకీకి దారి కాకూడదు. పేదవాళ్లకు ఉచితంగా సాయపడడం వకీలుకు ఉన్న అతి పెద్ద బాధ్యతల్లో ఒకటని అదే నియమాల్లోని రూల్ 46 చెబుతుంది, అది ఆఫీసులో చెయ్యి.

పిల్లల భద్రత గురించి నువ్వేం రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఇద్దరు పెద్దలు లేకుండా ఆట మొదలుపెట్టొద్దు. ఏ పిల్లనూ ఒక్కదాన్నే బండి మీద దింపొద్దు, నువ్వైనా సరే. బయటి ఊరికి తీసుకెళ్తే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఎవరైనా పిల్లలు తమ మీద జరిగిన లైంగిక వేధింపు గురించి నీకు చెప్పుకుంటే, 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 కింద తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నీతోపాటు గ్రౌండ్ చూసుకునే అందరి ఫోన్లలో ఉండాలి.

బాలల సంక్షేమ సమితి మంచి పనే, నీలాంటివాళ్లు అందులో ఉండాలి కూడా. కానీ ఆ సమితి నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. నాలుగు సాయంత్రాలకే ఒక దావా పోయింది. ప్రాక్టీసు నడిపే వయసులో దాని జోలికి వెళ్లకు. పదేళ్ల తర్వాత చూద్దాం.

మీ ఆవిడ తేల్చుకోమన్నది ప్రాక్టీసు గురించో పిల్లల గురించో అని నేననుకోవడం లేదు. నీ ఉత్తరంలో నేను ఆగిపోయిన వాక్యం ఇంకోటుంది. 'మా పాప గ్రౌండ్‌లో నన్ను సార్ అనే పిలుస్తుంది.' అక్కడ అట్లా పిలవడం సరే, నలభై మందిలో తనకొక్కదానికే నాన్న ఉంటే మిగతావాళ్లకు బాగుండదు. మరి ఇంట్లో? నువ్వు వచ్చేసరికి తను నిద్రపోతుంటే, లేచేసరికి నువ్వు ఫైళ్ల ముందు ఉంటే, ఆ పిల్లకు నాన్న అని పిలిచే సమయం ఎప్పుడు దొరుకుతోంది? వదిలేసిన మూడు సాయంత్రాల్లో ఒకటి తనకు ఇవ్వు. హోంవర్కు చేయించడానికో ఇంకో ఆట నేర్పడానికో కాదు. భద్రకాళి చెరువు కట్ట మీద నడిపించుకుపో, మొక్కజొన్న కంకి కొనిపెట్టు, తను చెప్పేది విను. మీ ఆవిడను కూడా రమ్మను, కానీ రావాలని బలవంతపెట్టకు. నాకు తెలిసి ఆమెకు ఆ సాయంత్రం ఇంట్లో ఒక్కతే కూర్చుని టీ తాగడం ఎక్కువ ఇష్టంగా ఉండొచ్చు.

పెద్దాయన పిటిషన్‌కు నంబరు పడ్డాక వచ్చే ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి ఏ రోజు ఎవరు వస్తారో నీ నోటితో నువ్వే చెప్పు. చిన్నపిల్లలు 'రేపు గూడ రారా సార్?' అని అడుగుతారు. 'రాను, ఆదివారం తప్పకుండా వస్తాను' అను, అని వెళ్లు. నీ పాత పిల్లల్లో నిదానంగా ఉండే అమ్మాయి ఒకరు ఉండే ఉంటుంది. మెడలోంచి విజిల్ తీసి ఆ అమ్మాయికి ఇచ్చి, ఆ పూట నువ్వు గీత బయట నిలబడి చూడు.